బురద అంటని బండి

మా వీధి సంక్షేమ సంఘం కార్యదర్శి హోదాలో అందరికీ సంతోషంగా తెలియజేయునది ఏమనగా, మా వీధి మధ్యలో ఉన్న ఇంటివాళ్లు తమ మొట్టమొదటి వాహనం కొన్నారు. అది కొండలెక్కుతుంది, ఇసుకదిబ్బలు దాటుతుంది, మొలలోతు నీళ్లలో నడుస్తుంది. వానాకాలం సగం గడిచేదాకా దాని చక్రాలకు ఒక్క బురదచుక్క అంటలేదు. ఈ ఘనత ఊరికే రాలేదు. దాని వెనక ఎంత పట్టుదల ఉందో నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఇంటాయన బీమా ఆఫీసులో ఉద్యోగి. ప్రమాదం జరిగినవాళ్లకు పరిహారం ఎందుకు ఇవ్వకూడదో కనిపెట్టే విభాగం ఆయనది. అందులో ఆయనకు మంచి పేరుంది. ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లాడు మోకాలు గీరుకున్నా తలుపు తట్టేది ఆవిడ ఇంటికే కాబట్టి అందరం ఆవిడను సిస్టరుగారంటాం. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

వీధి సంగతి కూడా చెప్పాలి. పోయినేడు గొట్టాలు వేస్తామని తవ్వారు. తవ్విన శాఖ వేరు, పూడ్చవలసిన శాఖ వేరు. రెండు శాఖలకూ ఒకరంటే ఒకరికి ఎంత గౌరవమంటే, ఎదుటివారి పనిలో వేలుపెట్టడం మర్యాద కాదని ఇద్దరూ ఊరుకున్నారు. వానలు మొదలయ్యేసరికి వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా బురదగుంట. సిస్టరుగారు రోజూ చెప్పులు చేతబట్టుకుని, వీధి మొగదాకా నడిచి, అక్కడి కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని బస్సెక్కేవారు. అందువల్ల డ్యూటీకి ఆలస్యమయ్యేది. ఆవిడ వార్డుకు ఇన్‌చార్జి పదవి ఖాళీ అయింది. పని తెలిసినవాళ్లలో ఆవిడే ముందున్నారు. "ఈ వానాకాలం వేళకొస్తే ఆ కుర్చీ నీదేనమ్మా" అని పెద్ద డాక్టరు మాటిచ్చారు. బండి కొనాలన్న నిర్ణయం అలా పుట్టింది. దయచేసి ఈ విషయం గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇంటాయనకు అది గుర్తులేదు.

ఆవిడ అడిగింది ఒక్కటే. "ఏదో చిన్న బండి, వానలో నన్ను ఆసుపత్రికి చేరిస్తే చాలండీ."

"జీవితంలో మొదటి బండి! ఇంత చిన్నగా ఆలోచిస్తే ఎలా? రోజువారీ పనికీ పనికిరావాలి, అడవిలో టెంటేసుకుని పడుకోవడానికీ పనికిరావాలి" అన్నారు ఇంటాయన. ఆయన ఇంతవరకు సొంత డాబా మీద కూడా పడుకోలేదు. దోమలు పడవు.

ఎంపిక మొదలైంది. రాత్రీ పగలూ ఆయన కళ్లలో వత్తులేసుకుని వీడియోలు చూశారు. ఎడారిలో చిక్కుకున్న బండిని ఎలా లాగాలో, మంచులో చక్రాలకు గొలుసులెలా చుట్టాలో నేర్చుకున్నారు. మాకు ఎడారీ లేదు, మంచూ లేదు. బండి నడపడం మాత్రం నేర్చుకోలేదు. ఇంట్లో లైసెన్సు ఉన్నది సిస్టరుగారికే. అయినా యంత్రాల విషయం కనుక ఆవిడ అభిప్రాయం తీసుకోలేదు. తోడల్లుడి అభిప్రాయం తీసుకున్నారు. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. "అన్నయ్యా, తెలుపు తీసుకో. ఫొటోలో ఏనుగులా కనిపిస్తుంది" అని ఆయన తేల్చేశారు.

షోరూములో ఇనపకొండ ఒకటి కట్టిపెట్టారు. సేల్స్‌మన్ బండిని దానిమీదికి ఎక్కించి దించాడు. ఇంటాయన పక్కసీట్లో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని, దిగాక "అద్భుతంగా ఉంది" అన్నారు. సిస్టరుగారు ఒక్క ప్రశ్న వేశారు. "వానలో మా వీధి దాటుతుందా బాబూ?"

"భలేవారమ్మా! మీ వీధేంటి, నదినే దాటేస్తుంది."

బండి వచ్చింది. సేల్స్‌మనే నడిపి తెచ్చాడు. వీధి మొగదాకా వచ్చి, బురద చూసి ఆగాడు. ఇంటాయన కూడా ఆగమన్నారు. తెల్లబండి కదా! తారురోడ్డు మీద, మందుల షాపు ముందు దానికి శాశ్వత నివాసం ఏర్పాటైంది. పైన ఒక ముసుగు, ముసుగు తడవకుండా ఇంకో ముసుగు. లోపల సీట్లకు కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచారు. నాలుగు చక్రాలూ కలిసి లాగే ఆ మహాయంత్రాన్ని ఇంటాయన కంటికి రెప్పలా కాపాడసాగారు.

మర్నాడు వాన. సిస్టరుగారు చెప్పులు చేతబట్టుకుని బురదలో నడిచి బండి దగ్గరకొచ్చి తాళం అడిగారు. ఇంటాయన ఆవిడ పాదాలకేసి చూశారు.

"ఆ కాళ్లతో ఎక్కుతావా? మ్యాటు పాడైపోదూ?"

"కొళాయి దగ్గర కడుక్కుంటానండీ."

"తడికాళ్లా! అది ఇంకా ప్రమాదం. లోపల తుప్పు పడితే కంపెనీ బాధ్యత కాదు. కాగితాల్లో స్పష్టంగా రాశారు."

నేను అక్కడే ఉన్నాను. ఆ వాదనకు తిరుగులేదు. ఆఫీసులో ఎంతోమంది క్షతగాత్రులు దాని ముందు నీళ్లు నమిలి వెళ్లిపోయారు. సిస్టరుగారు కూడా బస్సుకే వెళ్లారు. ఆనాటి నుంచి ఆవిడ రోజూ వానలో, రెండు ముసుగుల కింద పొడిపొడిగా ఉన్న తన బండి పక్కనుంచి నడిచి వెళ్లేవారు. ఆవిడకు గొడుగు కూడా సరిగ్గా లేదు. వాన వెలిసిన రోజు అడిగితే దుమ్ము అడ్డొచ్చేది.

వీధి ఊరుకుంటుందా? చూస్తుండగానే మందుల షాపు ముందు అలాంటి బండ్లు ఆరయ్యాయి. మూడోది నాది. నాకెందుకని అడక్కండి, రెండోది పక్కింటివాళ్లది. సంఘం వెంటనే సాహస యాత్రల ఉపసంఘాన్ని ఏర్పాటు చేసింది. రోడ్డు గురించి సిస్టరుగారు ఇచ్చిన అర్జీని కూడా ఆ ఉపసంఘానికే పంపాం. రోడ్డు వేయిస్తే ఇన్ని పెద్ద చక్రాలు కొన్నవాళ్ల మొహాలు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్న సభ్యులను కలచివేసింది. అర్జీ పరిశీలనలో ఉంది.

మొదటి సాహస యాత్ర జయప్రదంగా ముగిసింది. ఊరికి దగ్గర్లో గెస్ట్‌హౌసు, చుట్టూ కత్తిరించిన పచ్చిక, గేటుదాకా నున్నటి రోడ్డు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన సిస్టరుగారే బండి నడిపారు, ఇంటాయన పక్కన కూర్చుని గేర్లు ఎప్పుడు మార్చాలో చెప్పారు. పచ్చిక మీద టెంట్లు వేశాం. మడతమంచాలు పరిచాం. లోపల పడుకుంటే టెంట్లు పాడవుతాయని అందరం గదుల్లో పడుకున్నాం. పొద్దున్నే టెంట్లోంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొస్తున్నట్టు తోడల్లుడు ఫొటోలు తీశారు. ఆ తరువాత జరిగిన సన్మానసభలో మా అధ్యక్షులు మాట్లాడుతూ, "ప్రకృతి ఒడిలో ఒదిగిపోయిన ఈ సాహసి మన వీధికే గర్వకారణం" అని ఇంటాయనను ఆకాశానికెత్తేశారు. సాహసిగారు వినమ్రంగా తలవంచారు. సిస్టరుగారు వెనక వరసలో కూర్చుని నిద్రపోయారు. ఎంత నిర్లక్ష్యమో చూడండి.

అయితే సాహసిగారికి ఒక వెలితి ఉండిపోయింది. బురదలో ఫొటో లేదు. బండిని బురదలో దింపడానికి ప్రాణం ఒప్పదు. ఆలోచించి, చివరికి బండి బదులు తానే దిగారు. వెనక దూరంగా తారురోడ్డు మీద తెల్లటి బండి, ముందు మోకాలిలోతు బురదలో నడుముమీద చేతులేసుకుని ఆయన. "ఒక్కడుగు వెనక్కి అన్నయ్యా, బండి కనపడట్లేదు" అన్నారు తోడల్లుడు. ఆయన ఒక్కడుగు వెనక్కి వేశారు. గొట్టాల గుంట అక్కడే ఉంది.

కాలు విరిగింది. అరుపు నాలుగు వీధులకు వినపడింది. అంబులెన్సు వీధి మొగలోనే ఆగిపోయింది, అది మామూలు బండి కదా! బురదలోకి దిగి మనిషిని ఎత్తుకొచ్చే బండ్లు అక్కడే ఆరున్నాయి. ఒకాయన అప్పుడే కడిగించారట. ఒకాయన కొత్త టైర్లు వేయించారట. ఒకాయన బండికి ఇంకా పూజ కాలేదట. ఒకాయన తాళం ఎక్కడ పెట్టారో గుర్తురాలేదు, అది జేబులో గలగలలాడుతూనే ఉంది. నా బండికి మర్నాడు ఫొటో ఉంది. మిగిలిన ఒక్కదాని యజమాని గాయపడినాయనే. ఆయన అంత నొప్పిలోనూ "నా బండి మాత్రం దింపకండ్రా!" అని కేకేశారు. ఔరా, ఏం నిబద్ధత!

అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న సిస్టరుగారు చెప్పులు అవతల పారేసి గుంటలోకి దిగారు. టెంటు కర్రలు తెప్పించి కాలికి కట్టారు. మడతమంచం తెప్పించి దానిమీద పడుకోబెట్టించి, నలుగురి చేత మోయించుకుంటూ తారురోడ్డుకు చేర్చారు. ఆ సామాను నిజంగా వాడటం మా వీధి చరిత్రలో అదే ప్రథమం.

ఆయనను చేర్చింది ఆవిడ వార్డులోనే. మర్నాడు కుండపోత. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చేసరికి పరామర్శకు వెళ్లిన మేమందరం మంచం చుట్టూ ఉన్నాం. ఎలా ఉందని ఆయన అడిగారు.

"ఏం చెప్పమంటారు సార్! నొప్పితో చస్తున్నా. సూది మందు వేళ ఎప్పుడో దాటింది. ఈ ఆసుపత్రిలో నర్సులు టైముకి రారా?" అని మండిపడ్డారు సాహసిగారు.

ప్రజాసేవలో సమయపాలన ఎంత ముఖ్యమో సంఘం తరఫున నేను కూడా రెండు ముక్కలు చెప్పాను. ఆ మాటల మధ్యలోనే సిస్టరుగారు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. మోకాళ్లదాకా తడిసి, వేళ్ల సందుల్లో బురద. అంతా విన్నారు. పెద్ద డాక్టరు ఆవిడకేసి, గోడ గడియారంకేసి చూసి పక్కమంచానికి వెళ్లిపోయారు. సాయంత్రానికి ఇన్‌చార్జి కుర్చీ ఇంకొకరికి ఇచ్చారని తెలిసింది.

డ్యూటీ దిగేముందు ఆవిడ ఆయనకు సాయంత్రం సూది మందు ఇచ్చారు. ఇచ్చాక ఆయన తలగడ కింద చెయ్యిపెట్టి బండి తాళం తీసుకున్నారు.

"ఏయ్, ఎక్కడికి? వాన పడుతోంది, బురదవుతుంది!"

"అవనీండి. కడుగుతాను. ఇన్నాళ్లూ రోజూ నా కాళ్లు కడుక్కోలేదూ?"

ఆ సాయంత్రం నేను కళ్లారా చూశాను. ఆవిడ రెండు ముసుగులూ లాగి పక్కన పడేశారు. సీటు మీది ప్లాస్టిక్ కవరును పర్రున చింపారు. బురదకాళ్లతోనే ఎక్కారు. బండి వీధిలోకి దిగి, గుంటలు దాటుకుంటూ, ఒక్కసారి కూడా ఆగకుండా ఆవిడ గుమ్మం ముందుకు వెళ్లి నిలబడింది. సేల్స్‌మన్ చెప్పింది అక్షరాలా నిజం. మర్నాటి నుంచి ఆవిడ అందరికంటే ముందే వార్డులో ఉంటున్నారట. ఆ కుర్చీలో మాత్రం ఇప్పుడు వేరేవాళ్లున్నారు.

ఆ బండి ఇప్పుడు ఏ రంగో పోల్చలేం. ఈ దురాగతాన్ని సంఘం అత్యవసర సమావేశంలో ఏకగ్రీవంగా ఖండించింది. మంచంమీంచి సాహసిగారు ఫోన్లో మాట్లాడుతూ వెక్కివెక్కి ఏడ్చారు. మాకూ కళ్లు చెమర్చాయి.

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి, తప్పులేదు. కాకపోతే ముందు లేచి, మీ ఇంట్లో టీవీ రిమోటుకున్న ప్లాస్టిక్ కవరు తీసేయండి. ఎవరో వస్తారని అద్దాల బీరువాలో దాచిన మంచి కప్పులు దించి, రోజూ పనిచేసి అలిసి వచ్చే మీ ఇంటావిడకు అందులో ఒక కప్పు టీ ఇవ్వండి. ఆ తరువాత వచ్చి నవ్వండి, నేను ఇక్కడే ఉంటాను.