నిండు డబ్బా మీద విచారణ

స్వతంత్ర భారతదేశానికి అసలు శత్రువెవరో కనిపెట్టడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ శత్రువు తవ్వ. తవ్వతో పాటు దాని చుట్టపక్కాలు గిద్ద, సోల, అడ్డ, కుంచం. తెల్లదొరలు ఓడెక్కి వెళ్లిపోయారు గాని ఇవి మాత్రం మన వంటిళ్లలోనే కాపురం ఉండిపోయాయి. వీటిని పట్టుకుని లీటరు అనే సన్మార్గంలో పెట్టడం కోసం శ్రీకాకుళంలో కొలపాత్రల నిర్ధారణ కార్యాలయం వెలిసింది. అందులో ఒక అధికారి, ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు గుమాస్తాలు, ఒక బంట్రోతు, కలకత్తా నుంచి గడ్డిలో పెట్టి తెప్పించిన ఏడు ఇత్తడి ప్రమాణ పాత్రలు ఉంటాయి. (పాత్రలు గాజు బీరువాలో ఉంటాయి. మిగిలినవాళ్లు టీ కొట్టు దగ్గర ఉంటారు.)

నా పేరు జగన్నాధం. ఆ ఆఫీసు మెట్ల పక్కన స్టూలు వేసుకుని అర్జీలు రాస్తుంటాను. ప్రభుత్వాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. జనం పనులు ఒక్క తిరుగుడులో అయిపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనుమానించకండి.

సదరు కార్యాలయం నిబంధనల్లో మొదటిది ఇలా ఉంటుంది: "కొలపాత్ర అనగా లోపల ఏదేని పట్టునట్టిది." ఇన్‌స్పెక్టరు నరసింగరావుకి ఈ వాక్యం కంఠతా వచ్చు. చెంబు, గ్లాసు, కొబ్బరిచిప్ప, వెదురు గొట్టం అన్నీ ఈ నిర్వచనం కిందికి వస్తాయి. (జేబు కూడా వస్తుందేమోనని ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టరుగారు తనంతట తాను ఆ చర్చ లేవదీయలేదు.)

ఇక నేరస్థుడి సంగతి. డేవిడ్‌రాజు మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు కారు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. లోకంలో కొందరు తపాలా బిళ్లలు పోగుచేస్తారు, కొందరు శత్రువుల్ని పోగుచేస్తారు. ఇతను కారు మైనం డబ్బాలు పోగుచేశాడు. కారు తళతళలాడడానికి గుడ్డతో రుద్దే మైనం, గుండ్రటి రేకు డబ్బాలో వచ్చేది. యుద్ధానికి ముందు సీమనుంచి వచ్చిన డబ్బా మూత మీద తెల్లహంస బొమ్మ ఉంటుంది. యుద్ధం రోజుల్లో రంగులు కరువై బొమ్మలేని బోడి డబ్బా వచ్చింది. స్వరాజ్యం వచ్చాక హంస పోయి నెమలి వచ్చింది, లోపల మైనం అదే. దేశచరిత్ర మీద నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా అతని అలమార నాకు నమ్మకంగా కనిపించేది.

ఈ డబ్బాలు పోగుచెయ్యడం తేలిక కాదు. మన వైపు రేకు డబ్బాకి చావు లేదు. మైనం అయిపోయిన రోజునే దానికి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. (బీయే ప్యాసైన మా బావమరిదికి అయిదేళ్లుగా దొరకలేదు.) సాలూరులో ఒక లారీ యజమాని హంస డబ్బాలో కుంకం పోసి స్టీరింగు ముందు పెట్టుకున్నాడు. ఆమదాలవలసలో సుభద్రమ్మగారు నెమలి డబ్బాలో ఇంగువ దాచింది. డేవిడ్‌రాజు సంచిలో కొత్త స్టీలు డబ్బాలు వేసుకుని ఊరూరా తిరిగి, పాత డబ్బాకి బదులు కొత్తది ఇస్తానని బతిమాలేవాడు. సుభద్రమ్మగారి దగ్గర పదకొండు నెలలు పట్టింది.

"ఇంగువకి ఆ డబ్బా అలవాటైపోనాది నాయనా. ఇప్పుడు మారిస్తే మా ఇంట్లో సారు ఎవులూ ముట్టరు," అందావిడ. చివరికి నెల్లాళ్లు రెండు డబ్బాల్లోనూ చెరిసగం ఇంగువ ఉంచి, చారు రుచి చూసుకున్నాకే ఇచ్చింది.

అలా ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడోది మాత్రం ఎవర్నీ అడిగి తెచ్చింది కాదు. అది హంస డబ్బా, నిండుది, ఎన్నడూ మూత తియ్యనిది. ఆసుపత్రి నడిపిన దొరసాని డాక్టరమ్మ నలభై ఆరులో సెలవు మీద సీమకి వెళ్తూ దాన్ని అతని చేతిలో పెట్టింది. "రాజూ, ఇది ఆఖరి డబ్బా. నేను తిరిగి వచ్చినప్పుడు మనమిద్దరము దీనిని తెరచి కారుకు రాయుదుము," అంది. (ఆవిడ తెలుగు బైబిల్లో నేర్చుకుంది.) అక్కడ ఆవిడకి జబ్బు చేసింది, తిరిగి రాలేదు. ఇరవై రెండేళ్లు, రిటైరయ్యాక కూడా, అతను ఆ ఆసుపత్రి కారుని వేరే మైనంతో తుడిచాడు. ఆ డబ్బాని మాత్రం ఎండ తగలని చోట పెట్టి, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు దుమ్ము దులిపేవాడు.

అరవై ఎనిమిది ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. ఆసుపత్రికి యాభై ఏళ్ల పండగ, డిసెంబరు పన్నెండో తారీకున డాక్టరమ్మ ఆమదాలవలస స్టేషన్‌లో దిగుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఇదే ఆఖరి రాక అని ఆవిడే రాసింది. కిందన ఒక ముక్క: "డబ్బా ఉన్నదా?" డేవిడ్‌రాజు ఆ ఉత్తరం నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. అతనికి చదవడం వచ్చు.

మార్చిలో అతను చట్టాన్ని గౌరవించాడు. కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

ఆసుపత్రి గేటు దగ్గర దాలమ్మ ఎండు రొయ్యలు అమ్ముతుంది. ఆమె కొలత యుద్ధకాలపు బోడి డబ్బా. అది డేవిడ్‌రాజు దగ్గర ఒక్కటే ఉంది, జతది కావాలి. బదులుగా స్టీలు డబ్బా ఇస్తే ఆమెకి కేసు అవుతుందని ఆలోచించి, బజారుకి వెళ్లి సర్కారు ముద్ర ఉన్న అసలైన రెండువందల మిల్లీలీటర్ల కొలత కొని ఇచ్చాడు. వారం తిరక్కుండా నరసింగరావు దాలమ్మ గంప ముందు ఆగాడు. ఊరంతటికీ ఒకే ఒక్క చట్టబద్ధమైన కొలత దాలమ్మ చేతిలో కనిపించేసరికి ఆయనకి అనుమానం వచ్చింది.

"ఇది నీకెలా వచ్చింది? పాతది ఏం చేశావు?"

"డేవిడ్‌రాజు బావు కాడుంది. ఆ బావు కాడ ఇలగటివి మా సెడ్డ ఉన్నాయి, అలమార నిండా," అంది దాలమ్మ, అతని గొప్ప చెబుతున్నాననుకుని.

నరసింగరావు అతనింటి అలమార తెరిచి చూశాడు. ముద్రలేని కొలపాత్రలు ముప్ఫై ఎనిమిది (దాలమ్మది కలిపి), సంవత్సరాల వారీగా, ఒక్కోదానికి చీటీ అంటించి. జిల్లాలో ఇంత పెద్ద కొలపాత్రల నిల్వ అంతవరకూ పట్టుబడలేదు. ఆయన సంతోషం అణుచుకుని పంచనామా రాశాడు.

"కొలతలు కావు బావూ, బొమ్మలు చూసుకుందుకు ఎట్టుకున్నాను," అన్నాడు డేవిడ్‌రాజు.

"చూసుకుందుకైతే చీటీలెందుకు?"

"ఏ ఏటివో తెలియాల కదండీ."

"రికార్డు కూడా ఉందన్నమాట," అని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

ఖాళీ డబ్బాల విచారణ ఏప్రిల్లో ముగిసింది. ఒక్కోదాన్నీ నీటితో నింపి, ఇత్తడి పాత్రలో వంచి చూశారు. ఏళ్ల వాడకంలో సొట్టలు పడ్డాయి గనక ఏదీ సరిపోలేదు. తప్పుడు కొలపాత్రకి ఇకమీదట ఏమీ పట్టకుండా చెయ్యాలన్నది నిబంధన తొమ్మిది. బంట్రోతు సోములు ముప్ఫై ఏడు డబ్బాలకీ అడుగున మేకుతో చిల్లు కొట్టి, గోనెసంచిలో వేసి అప్పగించాడు. డేవిడ్‌రాజు వాటిని మళ్లీ అలమారలో సర్దుకుని, అడుగు పైకి కనపడదులెమ్మని తన భార్య లీలారాణికి చెప్పాడు. ఆమె ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

నిండు డబ్బా మాత్రం ఆఫీసులో ఉండిపోయింది. నీళ్లు పొయ్యాలంటే ఖాళీగా ఉండాలి, అది నిండుగా ఉంది.

"నిండుగున్నది కొలత ఎలగవుతాది బావూ? ఇరవై రెండేళ్లుగా మూతే తియ్యలేదు," అన్నాడు డేవిడ్‌రాజు.

"కొలిచేటప్పుడు ఏ తవ్వైనా నిండుగానే ఉంటుందయ్యా," అన్నాడు నరసింగరావు. పాతికేళ్లుగా జవాబులు రాసి బతుకుతున్నవాణ్ణి, ఈ జవాబుని నేను కూడా రాసిపెట్టుకున్నాను.

మూత తియ్యవద్దని మేము అర్జీ పెట్టాం. అర్జీ ఏ సెక్షనుకి వెళ్లాలో తేలాలంటే డబ్బాలో ఉన్నది ఘనమా ద్రవమా తేలాలి. ఒక గుమాస్తా ఘనం చూస్తాడు, రెండోవాడు ద్రవం చూస్తాడు. మే నెలలో డబ్బాని చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది. ద్రవమని రాసి ఫైలు అటు పంపారు. ఆగస్టు వానల్లో ఊపితే చప్పుడు రాలేదు. ఘనమని రాసి ఇటు పంపారు. సెప్టెంబరు ఉక్కకి మళ్లీ కొంచెం కదిలింది. ఆ నెల ఫైలు రెండు బల్లల మధ్య స్టూలు మీద ఉంది. (స్టూలు నాదే. నేను నెల్లాళ్లు నిలబడి అర్జీలు రాశాను.)

డేవిడ్‌రాజు ప్రతి సోమవారం వచ్చేవాడు. డబ్బా కనిపించేలా కిటికీ దగ్గర నిలబడి, చూసుకుని వెళ్లిపోయేవాడు. ఒకరోజు లీలారాణి కూడా వచ్చి నా మీద కేకలేసింది. "అన్నయ్యా, మీరు ఏటి రాస్తన్నారు? ఆ యమ్మ వచ్చేస్తాది. ఈ మనిసి రాత్రుళ్లు నిద్దరోడం లేదు. డబ్బా ఒగ్గీమని రాయండి, అంతే. అన్ని మాటలెందుకు?"

అన్ని మాటలు లేకపోతే అది అర్జీ కాదని నేను ఆమెకి ఓపిగ్గా వివరించాను. ఆమె నాకేసి చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే బాగోదు.

అధికారి గణపతిరావుగారు మంచివాడు. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు. నవంబరులో ఆయన డేవిడ్‌రాజుని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఒక దారి చెప్పాడు. "డబ్బా ఖాళీ అని రాసి సంతకం పెట్టు. ఖాళీది, వాడుకలో లేనిది అని పారేసిన వస్తువుల పద్దులో కొట్టేసి, ఇప్పుడే చేతికిచ్చేస్తాను."

డేవిడ్‌రాజు కాగితం అందుకుని చదివాడు, బల్ల మీద పెట్టేశాడు. "నిండుగున్నాది కదండీ," అన్నాడు.

బయటికొచ్చాక నేను తిట్టాను. "ఒరే రాజూ, ఒక్క సంతకం రా! ఈ ఆఫీసులో రోజూ యాభై అబద్ధాలకి ముద్ర పడుతుంది, నీదొకటి ఎక్కువా?"

"ఆ యమ్మ అడుగుతాది బావూ, ఎలగ తెచ్చినావని. అప్పుడేటి సెప్పీది?" అన్నాడు.

డిసెంబరు తొమ్మిది వచ్చింది. ఇంక మూడు రోజులే. ఆ రోజు నేను నా వృత్తిలో ఎన్నడూ రాయనంత గొప్ప అర్జీ రాశాను. డాక్టరమ్మ సేవ, ఆమె వయసు, రైలు వేళ అన్నీ రాశాను. చివర్లో, నేను ఏ అర్జీకైనా తగిలించే ముక్క తగిలించాను: "కావున తమరు ఏమాత్రం జాగు సేయక విచారణ పూర్తి గావించి, సదరు డబ్బాను ఇప్పించ ప్రార్థన." ఇది పాతికేళ్లుగా రాస్తున్నాను. ఏ అధికారీ ఎప్పుడూ పట్టించుకోలేదు.

గణపతిరావుగారు పట్టించుకున్నారు. అర్జీ చదివి ఆయన కళ్లు చెమ్మగిల్లాయట. ఆఫీసు పుట్టాక మొట్టమొదటిసారిగా అర్జీ అందిన నాడే విచారణ పూర్తి చెయ్యమని ఆర్డరు వేశారు. విచారణ అంటే నీళ్లు పొయ్యడం. నీళ్లు పొయ్యాలంటే మూత తియ్యాలి.

పదో తారీకు ఉదయం మమ్మల్ని పిలిచారు. సోములు డబ్బాని చింతపండుతో తోమి, గుడ్డతో తుడుస్తున్నాడు.

"మా గట్టి మూత బావూ! రాలేదు. పానా ఎట్టి తిప్పితే వచ్చినాది," అన్నాడు మెప్పు కోసం. "లోపలి సరుకు వెన్నలాగుంది. పారబొయ్యబుద్ది కాక, ఇగో, ఆటికి రాసీసినాను."

గాజు బీరువాలో ఏడు ఇత్తడి ప్రమాణ పాత్రలు ధగధగ మెరిసిపోతున్నాయి. డేవిడ్‌రాజు వాటిని చూసి, అక్కడున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఆఫీసులో అర్జీదారు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఎవరూ లేవమనలేదు.

గణపతిరావుగారు వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు. "శుభవార్తయ్యా! సరిగ్గా రెండువందల మిల్లీలీటర్లు! చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. చిల్లు అక్కర్లేదు, నీ మీద కేసూ లేదు." సరైన కొలపాత్రని ముద్ర లేకుండా బయటికి పంపకూడదన్నది నిబంధన పదకొండు. నరసింగరావు ఉక్కు ముద్ర మూత మీద ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పని తెలిసినవాడు, రెండో దెబ్బ అవసరం పడలేదు. డేవిడ్‌రాజు రిజిస్టర్లో "డబ్బా అందినది" అన్నచోట సంతకం పెట్టాడు. అది నిజమే గనక.

నేను అతనికి క్షమాపణ చెప్పాలనుకున్నాను. వేలమంది తరఫున క్షమాపణలు రాసినవాణ్ణి, నా తరఫున ఒక్క వాక్యం కుదరలేదు. మెట్ల మీద, "నావల్లే జరిగింది రా," అని మాత్రం అన్నాను. అతను కాదని అబద్ధమాడలేదు.

పన్నెండో తారీకున నేనూ స్టేషన్‌కి వెళ్లాను. కారు అద్దంలా ఉంది, ఏదో బజారు మైనంతోనే. డాక్టరమ్మ కర్ర పట్టుకుని దిగింది. "రాజూ, నీవు ముసలివాడవైతివి," అని నవ్వి, కారు దగ్గరికి నడిచి, ముందుభాగం మీద అరచెయ్యి వేసి నిమిరింది. తరవాత, "మన డబ్బా ఏది?" అంది.

అతను సీటు కిందనుంచి తీసి ఇచ్చాడు. ఆమె బలం కూడదీసుకుని మూత తిప్పబోయింది. మూత వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆమె లోపలికి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చింతపండు వాసన వచ్చి ఉంటుంది.

"నీవు తెరచితివా?"

"నాను తెరవలేదమ్మా. ఆఫీసోళ్లు తెరిసినారు."

ఆమె మూత తిప్పి బొమ్మ చూసింది. హంస మెడ ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమి, "దీనికి ఏమి జరిగినది?" అంది.

"కొలత సరిగ్గా ఉన్నాదని ముద్దరేసినారమ్మా," అన్నాడు డేవిడ్‌రాజు. "ఏడాదిదాకా సెల్లుతాది."