టైరు గుండ్రం, బల్ల మట్టం

"కుట్టుమిషను మోటారు మిషనుకుండాలి గానీ భోజనాల బల్లకెందుకండీ? ముందు దానికి జవాబు చెప్పండి," అని ఇల్లాలు అప్పటికి మూడోసారి అడిగింది.

"చెప్పానుగా, ఈ ఒక్క పూటే. మూడింటికి పందెం. ఆ తర్వాత నీ మోటారు నీకే."

"ఒంటిగంటకి మా తమ్ముడు భోజనానికొస్తున్నాడు. వాడికి మోటారు మీద వడ్డించనా?"

ఇంటాయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. గ్రాము తేడా వచ్చినా కేసు రాసే మనిషి. అత్తవారివైపు వాళ్లు ఆయనకు పెట్టుకున్న పేరు మిల్లీమీటరు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే, పలక మీది గాడిలో కరెంటుతో పరుగెత్తే వేలెడంత స్లాట్ కార్లు. ఆ పందెంలో ఐదేళ్లుగా కప్పు కొడుతున్నది పళ్లడాక్టరైన బావమరిది. కప్పులన్నీ క్లినిక్కులో పేషెంట్ల ఎదురుగా వరసగా పెట్టుకున్నాడు కూడా. మిల్లీమీటరు కారేమో ఏటా రెండో మలుపులో గాడి తప్పి బోల్తా కొడుతుంది. వెనక టైర్లు పూర్తి గుండ్రంగా లేవని ఆయన నెల్లాళ్లు కొలిచి తేల్చాడు.

అందుకే ఈ సొంత తయారీ యంత్రం. మోటారుకు కారు ఇరుసు బిగించి, దానికి టైర్లు తొడిగి గిర్రున తిప్పాలి. గరుకు కాగితం అంటించిన చెక్కను మెల్లగా దగ్గరికి జరపాలి. ఎత్తుగా ఉన్నచోట రబ్బరు అరిగిపోయి టైరు గుండ్రమవుతుంది.

మీట నొక్కగానే మోటారు గుర్రుమంది, బల్ల గజగజలాడింది. టైరు తీసి చూస్తే కోడిగుడ్డులా ఉంది.

"బల్లలో ఉంది లోపం," అని తీర్పు చెప్పాడు.

"ఆ మాట పన్నెండేళ్లుగా చెబుతున్నాను, అది మరీ ఎత్తని," అంది తల్లి వంటింట్లోంచి. ఆవిడ పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడి నీరు పడతాయి. అందుకని వంటింట్లో పీట మీద కూర్చుని ఒక్కతే తింటుంది. పీటకి అందేలా బల్ల కాళ్లు కాస్త కోయించరా అన్నప్పుడల్లా కొడుకు, "డెబ్బై అయిదు సెంటీమీటర్లు, అది ప్రమాణం," అని కొట్టిపారేసేవాడు.

"ఎత్తు కాదమ్మా, మట్టం. కాస్త వచ్చి సాయం పట్టు."

తాపీమేస్త్రీని అడిగి తెచ్చిన రసమట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇందులో బుడగ నడిమికి రావాలి. నేను కాళ్లు కోస్తుంటాను, నువ్వు చూసి చెప్పు." ఆవిడ పీట తెచ్చుకుని బల్ల పక్కన కూర్చుంది. ఆయన రంపం పట్టుకుని కిందికి దూరాడు.

వంటింట్లో ఇల్లాలికి రంపం చప్పుడు వినబడింది. యంత్రానికి చెక్క కోసుకుంటున్నాడు కాబోలు, కదిలించకపోతే త్వరగా తెముల్తుందని ఊరుకుంది.

"సరిపోయిందా అమ్మా?"

"ఇంకా లేదురా. ఓ వేలెడు తియ్యి."

ఒక కాలు వేలెడు తీస్తే మిగతా మూడూ తీయాలి. నాలుగూ అయ్యాక లేచి టైరు తిప్పితే, బల్ల వణుకు బల్లదే, టైరు మళ్లీ గుడ్డే. గుడ్డును అరగదీస్తే చిన్న గుడ్డు. మళ్లీ కిందికి.

"ఇప్పుడో?"

"దగ్గరికొచ్చింది. ఇంకో రెండు వేళ్లు."

"రెండు వేళ్లా! అంత తేడా ఉందా?"

"నువ్వు కొయ్యరా నాయనా, నేను చూస్తున్నాగా."

కన్నతల్లి చూపు మీద అనుమానమేమిటని కోశాడు. కోత మీద కోత. నేలంతా రంపపు పొట్టు, ఇల్లంతా మాడిన రబ్బరు వాసన. చివరికి తల ఎత్తబోతే ముక్కు బల్ల అడుగుకు తగిలింది.

"ఆఁ! సరిగ్గా సరిపోయింది, ఆపు!" అంది తల్లి.

అప్పుడే బావమరిది లోపలికొచ్చాడు. మోకాలెత్తు బల్ల, దాని కిందనుంచి రెండు పాదాలు. "అక్కా! బావ మీద బల్ల కూలింది!" అని కేకపెట్టి, పాదాలు రెండూ పట్టి ఒక్క లాగు లాగాడు. గరిటెతో పరుగెత్తుకొచ్చిన ఇల్లాలు బల్లను చూసి గరిటె వదిలేసింది.

"ఏమిటండీ ఇది?"

"మట్టం," అన్నాడాయన, జుట్టులో పొట్టు దులుపుకుంటూ.

బావమరిది ఇరుసు ఊడదీసి, పుచ్చిన పన్నును చూసినట్టు చూసి, బల్ల మీద దొర్లించాడు. అది కుంటుకుంటూ పోయింది. "బల్లకి ఏ రోగమూ లేదు బావా. ఇరుసు వంకర. ఈ టైర్లు చూడండి, గాజుల్లా మిగిలాయి. దీంతో కారు పరుగెత్తదు, డేకుతుంది. ఆరో కప్పుకి చోటు చూసుకుంటా మరి."

ఇల్లాలికి ఇంకేదో తట్టింది. "అత్తయ్యా, మీ కళ్లజోడు పొద్దుట్నుంచీ వంటింటి కిటికీలోనే ఉంది. బుడగ ఎలా కనబడింది మీకు?"

"బుడగెవరు చూశారే?" ఆవిడ పీట మీంచి కదలకుండా మోచేతులు రెండూ హాయిగా బల్ల మీద ఆనించింది. "నేను చూసుకున్నది ఇది."

మిల్లీమీటరు, "సాయంత్రానికి ఇటుకలు పెట్టి ప్రమాణానికి తెస్తాను," అన్నాడు నీరసంగా.

"అక్కర్లేదురా," అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఈ పూటనుంచి నేనూ మీ అందరితోపాటే తింటాను. ఇక్కడే."

బావమరిది కుర్చీ పక్కకు నెట్టి నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఇల్లాలు మోటారు తీసేసి, నాలుగో కంచం పెట్టింది.

ఇరవై రెండేళ్ల సర్వీసులో దొంగకొలతని కళ్లారా చూసి కూడా ఇన్‌స్పెక్టరుగారు కేసు రాయకుండా భోజనానికి కూర్చున్నది ఆ ఒక్కసారే.