నలభై ఒకటో నంబరు మడమ

ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో సాతిబాల్ది భార్య కాళ్లు కడిగింది ఒకే ఒక్కసారి. అది కూడా ప్రేమతో కాదు, సాక్ష్యం చెరిపేయడానికి.

ఆ సాయంత్రం ఉల్జాన్ యాక్‌ల పాలు పితుక్కుని రెండు బకెట్లతో ఇంట్లోకి వచ్చేసరికి మొగుడు పొయ్యి పక్కన గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, గరుకు గుడ్డ సర్దుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు ఇటు చాపమన్నాడు. ఉల్జాన్ ముందు అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. బంధువుల్లో ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదన్నాడు.

"పొద్దున్నించీ ఆ యాక్‌ల వెంట తిరుగుతావు, కాళ్లు అలిసిపోవూ?" అన్నాడు.

తన కాళ్లు అలిసిపోతాయన్న సంగతి ఈ మనిషికి ఇవాళే ఎలా తెలిసిందో ఆవిడకు అంతుపట్టలేదు. అయినా అనుకోకుండా వచ్చిన అదృష్టాన్ని ప్రశ్నలు వేసి పోగొట్టుకోవడమెందుకని కాళ్లు చాపింది. ఎడమ కాలు రెండు నిమిషాల్లో అయిపోయింది. కుడి మడమను మాత్రం సాతిబాల్ది పావుగంట సేపు గిన్నె తోమినట్టు తోమాడు. ఆ మడమ మీద, దెబ్బలకు పూసే పచ్చ మందుతో రాసిన 42 అనే అంకె ఉంది. అది ఆ ఇంట్లో ఎవరి కంటా పడకూడదని అతని తాపత్రయం.

జరిగిందేమిటంటే, వారం కిందట రాజధాని దుషాన్బే నుంచి మెహ్రంగేజ్ అనే డాక్టరమ్మ నలుగురు మనుషులతో, మూడు పెట్టెల సామానుతో కొండల మీది ఈ ముర్గాబ్ ఊరికి వచ్చి బడిలో దిగింది. గాలిలో ప్రాణవాయువు తక్కువగా ఉండే ఇంత ఎత్తులో పుట్టి పెరిగినవాళ్ల ఎముకలు ఎలా ఉంటాయి, తిన్న తిండి ఒంట్లో ఏమవుతుంది అని చూడటం ఆవిడ పని. ఎత్తు మీద ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర తక్కువగా ఉండవచ్చు, కొవ్వు పెద్దగా చేరకపోవచ్చు, అది మంచిదే. కానీ ఆకలి మందగిస్తుంది, ఎముక చాటుగా అరిగిపోతుందేమో చూడాలి అని చెప్పింది. అందరి వేళ్లకూ సూది గుచ్చింది, నడుములు కొలిచింది, కుడి మడమకు చల్లటి జిగురు పూసి యంత్రంలో పెట్టించింది. యంత్రంలోంచి తీసిన మడమ మీద గుర్తుకని ఒక అంకె వేసింది. సాతిబాల్దిది 41. అతని వెనకే నిలుచున్న ఉల్జాన్‌ది 42.

గురువారం కవర్లు పంచారు. కవరు మీద పేరు ఉండదు, అంకె మాత్రమే. ఉల్జాన్ యాక్‌ల దగ్గర ఉండటంతో రెండు కవర్లూ సాతిబాల్ది చేతికే ఇచ్చారు. దారిలో విప్పి చూసుకున్నాడు. 42 కాగితం మీద పచ్చ గుర్తు, అంటే ఎముక గట్టిదని. 41 మీద, ఎంత తిప్పి చూసినా, ఎర్ర గుర్తు.

ఈయనేమో పడుచుతనంలో కుస్తీలు పట్టి ఉక్కు సాతిబాల్ది అనిపించుకున్న మనిషి. ఆ తర్వాత పాతికేళ్లు లారీ సీటు మీద కూర్చుని, టీ తాగుతూ, పొగాకు పీలుస్తూ బొగ్గు తోలాడనుకోండి, ఆ సంగతి ఊరు మరిచిపోయింది, ఎముకలు మరిచిపోలేదు. కాగితాన్ని జేబులో కుక్కుకుంటూ ఉండగా ఎదురుగా బావమరిది కొచ్కోర్‌బాయ్ వచ్చాడు. కొచ్కోర్ అంటే పొట్టేలు. పేరు పెట్టిన పెద్దవాళ్లు దూరదృష్టి కలవాళ్లు; మాట్లాడేముందు తల వంచి కుమ్మడానికి వచ్చినట్టే వస్తాడు. చేతిలో పచ్చ గుర్తు కాగితం జెండాలా ఊపుతూ, "నీదేదీ బావా?" అన్నాడు. సాతిబాల్ది చెయ్యి సాతిబాల్దిని అడక్కుండానే జేబులోకి వెళ్లి 42 కాగితాన్ని తీసి చూపించేసింది.

ఆ ఒక్క క్షణం తర్వాత మిగిలినదంతా చాకిరీ. తన మడమ పగుళ్లలో ఇంకి ఎంత తోమినా పోని 41కి మందపాటి ఉన్ని మేజోడు తొడిగాడు. భార్య మడమకు సబ్బు పెట్టాడు. తుడవడం అయ్యాక గొంతు సవరించుకుని, నీ అంకె నలభై ఒకటి కదూ, కాగితం వచ్చింది, ఎముకలు కాస్త పలచబడ్డాయన్నారు, కంగారేం లేదులే అని చెప్పాడు.

ఉల్జాన్ ఎర్ర గుర్తు వైపు చూసింది. నిండు వేసవిలో మొగుడి కాళ్లకున్న ఉన్ని మేజోళ్ల వైపు చూసింది. శాలువా కప్పుకుని, ఓసారి డాక్టరమ్మకు కనిపించి వస్తానంది. రేపు వెళ్దువులే అని అతను అంటూ ఉండగానే గుమ్మం దాటింది.

గంట తర్వాత తిరిగొచ్చింది. మంచం మీద పడుకుని దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఏమందే డాక్టరమ్మ?"

"ఎముకలు పలచబడ్డ మనిషిని చాలా జాగ్రత్తగా చూసుకోవాలంది."

"తప్పకుండా," అన్నాడు సాతిబాల్ది, బతికిపోయాననుకుంటూ.

మర్నాటి నుంచి ఉల్జాన్ మంచం దిగలేదు. అయితే నీళ్లెవరు తేవాలి? చేతి పంపు అర కిలోమీటరు దూరం. సాతిబాల్ది రోజుకు పన్నెండు డబ్బాలు మోశాడు. పొయ్యిలోకి ఎండు తుప్పలు కావాలి. వీపున మోపు కట్టుకుని కొండ దిగాడు. యాక్‌ల పాలు పితకాలి. మొదటి రోజు పెద్ద యాక్ ఆవు అతని వంక తిరిగి చూసి, మనిషి మారిన సంగతి గమనించి, ఒక్క తాపు తన్నింది. నాలుగో రోజుకు అదీ అలవాటు పడింది, ఇతనూ పడ్డాడు.

రోగి కోరికలకు అంతూపొంతూ లేదు. మీగడ కావాలంటుంది. తీరా గిన్నె నోటి దాకా వచ్చాక వాసన పడటం లేదంటుంది, పారబోస్తే పాపం, నువ్వే తాగెయ్యమంటుంది. ఎండు పెరుగు ఉండలు కావాలంటుంది. కొరికితే పళ్లు జివ్వుమంటున్నాయని పొట్లం మొత్తం అతని చేతిలో పెడుతుంది. ఒక్కదాన్నే తినలేను, ముద్ద దిగదు, ఎదురుగా కూర్చుని తిను అంటుంది. రోజంతా టీ మీద, పొగ మీద గడిపే అలవాటున్న మనిషి పూటపూటా రొట్టె, మాంసం, పెరుగు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

ఇక పొగాకు. పొగ ఎముకలకు చేటని డాక్టరమ్మ అందట. ఇంట్లో వద్దంది. గుమ్మంలో వద్దంది. గాలి ఇటు వీచే చోట ఎక్కడా వద్దంది. ముర్గాబ్‌లో గాలి ఇటు వీచని చోటు వెతుక్కుంటూ సాతిబాల్ది వెనక ఉన్న గుట్ట మొత్తం ఎక్కాల్సి వచ్చేది. అక్కడికి చేరాక ఊపిరి పీల్చుకోవడానికే ఊపిరి చాలక, చుట్టిన సిగరెట్టు జేబులోనే పెట్టుకుని దిగి వచ్చేవాడు. పది రోజులకు ఎక్కడమూ మానేశాడు.

వింత ఏమిటంటే, ఇంత చాకిరీ చేస్తున్నా అతనికి భార్య మీద కోపం రాలేదు. పన్నెండో డబ్బా దించి నడుం పట్టుకున్నప్పుడల్లా, ఇన్నేళ్లూ ఈ డబ్బాలు మోసిందెవరో గుర్తొచ్చేది. ఆవిడ అటు తిరిగి మూలిగితే ఇతని గుండెలో ముల్లు గుచ్చుకునేది. తలగడ సర్దేవాడు, ఉప్పు పాల టీ కలిపి ఇచ్చేవాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ కొచ్కోర్‌బాయ్ ముఖం కళ్ల ముందుకొచ్చి నోరు మూసింది.

ఒక మధ్యాహ్నం పంపు దగ్గర తడి రాయి మీద కాలు జారి, రెండు డబ్బాలతో సహా చెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు ఉబ్బింది. ఎవరో కేక వేశారు. అంతే, మూడు వారాలుగా గిన్నె ఎత్తలేని ఉల్జాన్ అర కిలోమీటరు ఒక్క పరుగున వచ్చేసింది. అతని వేళ్లు ఒక్కొక్కటే కదిపించింది, ఎముక వెంట నొక్కి నొక్కి చూసింది. విరగలేదని తేలాక అక్కడే బురదలో చతికిలబడి ఏడ్చింది. తనకు చాకిరీ చేసే మనిషికి ఏమవుతుందోనని ఏడుస్తోందనుకున్నాడు సాతిబాల్ది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మూడు రోజుల తర్వాత బడి ముందు రెండు బండ్లు ఆగాయి. ఒకటి అక్‌బైతల్ కనుమకు, ఇంకా వెయ్యి మీటర్ల పైకి వెళ్తుంది. ఎముకలు గట్టిగా ఉన్న కొందరు పది రోజులు అక్కడి గుడారాల్లో ఉండాలి, ఇంకా పలచటి గాలిలో వాళ్ల ఒళ్లు ఎలా మారుతుందో చూస్తారు. రెండోది కిందికి, ఖోరోగ్ ఆసుపత్రికి. ఎర్ర గుర్తు వాళ్లకు అక్కడ మరోసారి పరీక్షలు చేసి, ఎముకకు బలమిచ్చే సూది వేస్తారు. సూది వేశాక రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటాయని డాక్టరమ్మ అందరికీ వినబడేలా చెప్పింది.

కొచ్కోర్‌బాయ్ పై బండిలో కిటికీ పక్కన కూర్చుని, బావ కోసం చోటు ఉంచి పిలుస్తున్నాడు. సాతిబాల్ది ఒక కాలు ఆ బండి మెట్టు మీద పెట్టాడు. తిరిగి చూశాడు. ఉల్జాన్ చిన్న మూట పట్టుకుని కింది బండి దగ్గర నిలుచుంది. సిద్ధమేనా అని డాక్టరమ్మ అడుగుతోంది. సిద్ధమేనంటూ ఉల్జాన్ తల ఊపుతోంది.

సాతిబాల్దికి పై బండి భయం లేకపోలేదు. మంచు మీద పడితే తన ఎముకలేమవుతాయో తెలుసు. కానీ అంతకంటే, లేని జబ్బుకు ఆ మనిషి ఒంట్లోకి సూది దిగుతుందన్న ఆలోచన అతన్ని మెట్టు దింపేసింది.

"ఆగండి," అన్నాడు. "ఆ సూది నాది."

ఊరంతా అటు తిరిగింది. సాతిబాల్ది నేల మీద కూర్చుని, బూటు విప్పి, మేజోడు లాగి, మడమ చూపించాడు. పచ్చ మందు గట్టిది, 41 ఇంకా లీలగా కనబడుతోంది. కాగితాలు మార్చి చెప్పింది నేనే, ఆవిడ ఎముకలు ఉక్కు ముక్కలు, పలచబడింది నావి అని గబగబా చెప్పేశాడు.

మొదట నవ్వింది కొచ్కోర్‌బాయే. "మా బావది ఎముక లేని చెయ్యని ఊళ్లో అందరూ అంటుంటే దానధర్మాల సంగతేమో అనుకున్నాను," అన్నాడు కిటికీలోంచి.

డాక్టరమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఉల్జాన్ కూడా. ఆ ఇద్దరి ముఖాలూ చూశాక సాతిబాల్దికి ఏదో అర్థం కావడం మొదలైంది.

"మీ కాగితాల మీద పేర్లు లేవు కానీ, నా పుస్తకంలో ఉంటాయి కదా పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "మీ ఆవిడ కవర్లు పంచిన రోజు సాయంత్రమే వచ్చింది. ఎర్ర గుర్తు మీదేనని తెలుసుకుని, మీకేం చెయ్యాలో రెండుసార్లు చెప్పించుకుని వెళ్లింది. కూర్చోనివ్వకూడదు, బరువులు మోయించాలి, పాలు పెరుగు బాగా పెట్టాలి, వేళకు తినిపించాలి, పొగ మాన్పించాలి. చెబితే వినే మనిషి కాదు, ఎలా చేయిస్తావమ్మా అని నేనే అడిగాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"మందు పనిచేస్తుంటే మధ్యలో ఎందుకు ఆపడమని."

సాతిబాల్ది భార్య వైపు చూశాడు. మీగడ వాసన పడకపోవడం, పళ్లు జివ్వుమనడం, ఒక్కతే తినలేకపోవడం, గాలి ఇటు వీచడం అన్నీ వరసగా కళ్ల ముందు నిలుచున్నాయి. మూడు వారాల పాటు రోగిని కనిపెట్టుకుని ఉన్నానని తనకు తాను మురిసిపోయాడు, రోగి తనే. పంపు దగ్గర ఆవిడ ఎందుకు ఏడ్చిందో కూడా అప్పుడే తెలిసింది.

"కాళ్లు కడిగేటప్పుడే తెలిసిపోయిందా?" అని మెల్లిగా అడిగాడు.

"కడిగినప్పుడు అనుమానం. మేజోళ్లు చూశాక రూఢి," అంది ఉల్జాన్. "నీళ్లు మాత్రం బాగున్నాయి. అందుకే మధ్యలో ఆపలేదు."

తర్వాత ఆవిడ తన మూట పై బండిలో పడేసి, అన్న పక్కన సాతిబాల్ది కోసం ఉంచిన చోట్లో దర్జాగా కూర్చుంది. నలభై రెండో అంకె తనదే మరి. పది రోజులు ఎవరో వండిపెడతారు, ఎవరో నీళ్లు తెస్తారు, కొలతలకని తనకెంత తిండి కావాలో అడిగి మరీ పెడతారు. పెళ్లయ్యాక అలాంటి పది రోజులు ఆవిడ చూడలేదు.

సాతిబాల్ది ఖోరోగ్ వెళ్లాడు. సూదికి ఒక రోజు జ్వరం వచ్చింది. కింది గాలి చిక్కగా ఉండి నిద్ర బాగా పట్టింది, ఆకలి దంచేసింది. ఎముక కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుందని, మూడు వారాల ముచ్చటతో అయిపోదని అక్కడి వాళ్లు చెప్పారు. సరేనన్నాడు. పక్క మంచం మనిషి, మీకు ఈ సంగతి ఎలా బయటపడిందని అడిగితే, యంత్రం కనిపెట్టింది, మా ఆవిడ ఒప్పించింది అని చెప్పాడు. చెప్పాక అటు తిరిగి పడుకున్నాడు.

పై బండి తిరిగొచ్చే రోజుకు సాతిబాల్ది ముర్గాబ్ చేరి రోడ్డు మీద నిలుచున్నాడు. కొచ్కోర్‌బాయ్ అప్పటికే ఊళ్లో ఉన్నాడు. రెండో రోజే తలనొప్పితో, వాంతులతో దింపేశారట. చెల్లెలి యాక్‌లను చూసుకోవడానికి వచ్చానని ఊరికి చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక చూసుకోక తప్పలేదు. బావను చూడగానే తల వంచాడు కానీ, ఈసారి కుమ్మలేదు.

ఉల్జాన్ బండి దిగింది. ముఖం ఎండకు కమిలి ఎర్రబారింది. పదేళ్లు చిన్నదానిలా ఉంది. చేతిలో వెళ్లేటప్పుడు లేని గోనె సంచి ఒకటి ఉంది. సాతిబాల్దికి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. దారి పొడుగునా వరస పెట్టుకుని వచ్చాడు. తీరా ఎదురుపడ్డాక ఒక్కటే మిగిలింది.

"నన్ను నిలబెట్టావే," అన్నాడు.

"ఇంకా లేదు. ఏడాది పడుతుందన్నారు," అంది.

సంచి ఇటివ్వమని అందుకున్నాడు. భుజం కిందికి జారింది.

"ఏముందే ఇందులో, ఇంత బరువు?"

"రాళ్లు. కనుమ మీద ఏరాను."

"రాళ్లెందుకు?"

"నీకే. డాక్టరమ్మ బరువు మోయమంది కదా. ఒట్టి చేతులతో ఎలా రానూ?"

నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. సంచి మాత్రం కింద పెట్టలేదు. ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, ఆవిడ అడుగులో అడుగు వేసుకుంటూ, ఇంటి దాకా మోశాడు.