ముసల్ది లేస్తలేదు

మంచిర్యాలలో మందుల దుకాణం నడిపే భానుప్రసాద్ ఆ ఆదివారం పెట్టుకున్న పని ఒక్కటే: తన పాత కంప్యూటరును సంఘం వాళ్ళకు చూపించడం. నలభై ఏళ్ళ కిందటి యంత్రం అది. టీవీకి తగిలించి క్యాసెట్టు పెడితే ఆట మొదలవుతుంది. ఇలాంటివాటిని తుక్కుకు వేయకుండా బతికించుకునేవాళ్ళు చుట్టుపక్కల జిల్లాల నుంచి పోగై వాట్సాప్‌లో 'పాత పెట్టెల సంఘం' పెట్టుకున్నారు. అందులో ఎవరి యంత్రం వాళ్ళకు 'ముసల్ది'.

భార్య మమతారాణి, తమ దగ్గరే ఉండే తల్లి లస్మవ్వను కంటి శిబిరానికి తీసుకెళ్ళింది. ఫోను మాత్రం ఇంట్లోనే మరిచిపోయింది. భానుప్రసాద్ తీరిగ్గా మీట నొక్కాడు. అక్షరం రాలేదు. మూత విప్పి చూస్తే లోపల కెపాసిటర్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. గాభరాగా టైపు చేశాడు:

"ముసల్ది పొద్దుగాల నుంచి లేస్తలేదు. ఇప్పి చూసిన, లోపలంత ఎండిపోయింది. జల్ది రాండ్రి. లేవకుంటే పనికొచ్చే పార్టులు తీసి వేరేటోళ్ళకు ఇద్దాం."

అది వెళ్ళింది సంఘానికి కాదు, దాని కిందనే ఉన్న అత్తగారింటి గ్రూపుకి.

కాసేపటికి పెద్దపల్లి నుంచి బావమరిది శ్రీహరి ఫోను చేశాడు. రెండేళ్ళుగా ఈ గడప తొక్కని మనిషి.

"బావా, నిజమేనా?"

"నిజమే శ్రీహరీ. రాత్రి మంచిగనే ఉండె." అత్తగారింట్లో ఒకరు తన యంత్రం గురించి అడగడం ఇదే మొదలు. సంఘంవాళ్ళెవరో చెప్పి ఉంటారనుకొని భానుప్రసాద్ కరిగిపోయాడు.

"డాక్టర్‌ను పిలువలేదా?"

సంఘంలో మరమ్మతులు చేసే ఇనాయతుల్లాను అందరూ డాక్టరనే పిలుస్తారు. "ఫోన్ చేసి పిలిచిన, వస్తుండు. కొన్ని తీసి కొత్తయి పెట్టి చూస్తడు. అయినా దాని వయసైపోయింది, ఇంకెన్ని దినాలు లాగుతది?"

"మేమొచ్చేదాంక ఎవ్వలు చెయ్యి పెట్టద్దు!" శ్రీహరి ఏడుస్తూనే ఫోను పెట్టేశాడు.

మనిషిలో ఇంత అభిమానం ఉందని భానుప్రసాద్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

మధ్యాహ్నానికి వాకిట్లో బంధువులు వేయించిన షామియానా లేచింది; లోపల యంత్రం మీదికి వంగిన భానుప్రసాద్ తల తిప్పలేదు. జైనూర్ నుంచి మమత అక్క రోజారాణి జీపు దిగుతూనే శోకాలందుకుంది. బంతిపూల దండ చేతబట్టుకున్న శ్రీహరి, అప్పుడే పనిముట్ల సంచితో వచ్చిన ఇనాయతుల్లాను గుమ్మంలోనే అడ్డగించాడు.

"ఒక్క పార్టు ముట్టినా ఊకోను!"

"ఫికర్ చెయ్యకు భాయ్. కరీంనగర్ల శ్యాంసుందర్‌ది ఆర్నెల్లు మూలకు పడి ఉండె. నాలుగు మార్చంగనే లేసింది. ఇప్పుడు పాటలు గుడ పాడుతది."

రోజారాణి ఏడుపాపి అతన్ని ఎగాదిగా చూసింది. సందు దొరకడంతో ఇనాయతుల్లా లోపలికి జారుకున్నాడు.

అంతలో ఆటో ఆగింది. మమత ఆటోకు డబ్బులిస్తుండగానే నల్లద్దాలతో లస్మవ్వ దిగింది. కళ్ళలో వేసిన మందుకు అంతా మసకగా ఉంది. షామియానా, ఏడుపులు. అయినవాళ్ళెవరో పోయారని అర్థమైంది. గొంతు గుర్తుపట్టి వెళ్ళి పెద్దకూతురి మెడ చుట్టూ చేతులేసి తనూ రాగమెత్తింది. కాసేపు పద్ధతిగా ఏడ్చాక చెవిలో అడిగింది.

"పోయిందెవలే బిడ్డా?"

రోజారాణి కేక వీధి చివరిదాకా వినిపించింది. శ్రీహరి చేతిలో దండ జారిపోయింది. ఫోన్లు తీశారు, సందేశం పైకి చదివారు.

"అవ్వను ముసల్దంటవా బావా!"

"అత్తమ్మను కాదయ్యా, కంప్యూటర్‌ను!"

మమతారాణి భర్త వైపు చూసిన చూపుకు బంధువులు కూడా తిట్లు ఆపేశారు. అప్పుడే లోపలి నుంచి కీచుమని ఆట తాలూకు సంగీతం వినిపించింది. ఇనాయతుల్లా తల బయటికి పెట్టి, "లేసింది!" అన్నాడు. ఎవరూ సంతోషించలేదు.

వచ్చినవాళ్ళను ఆకలితో పంపలేరు గనక వంట చేశారు. సాయంత్రం దాకా లస్మవ్వ షామియానా నడుమ కుర్చీలో కూర్చుంది. ఒకపక్క కూతుళ్ళు, ఇంకోపక్క కొడుకు. లోపల మనవలు ఆట కోసం కొట్లాడుకుంటున్నారు. వెళ్ళేటప్పుడు శ్రీహరి తల్లి కాళ్ళు పట్టుకొని ఏడ్చాడు.

అందరూ పోయాక లస్మవ్వ అల్లుణ్ణి పిలిచింది. భానుప్రసాద్ తిట్లకు సిద్ధపడి, తలవంచుకొని ఎదుట నిలబడ్డాడు.

"అల్లుడా," అందామె, "గది మల్లెప్పుడు ఖరాబైతది?"