నీటి ఎద్దడి వేలిముద్ర

ఆ జిల్లాలో పదో తరగతి పిల్లలు తెలుగు పరీక్షలో ఏ విషయం మీద వ్యాసం రాస్తే ఆ విషయమే స్వయంగా విద్యాశాఖ కార్యాలయానికి వచ్చి, చదివించుకుని విని, ‘అవును, ఇది నేనే’ అని వేలిముద్ర వేస్తేనే మార్కులు పడతాయి. ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. దీని మీద ఫిర్యాదులేమీ లేవు. వచ్చిన విషయానికి ఒక చెక్క కుర్చీ వేస్తారు, రానుపోను బస్సు చార్జీ ఇస్తారు.

ఒక ఏడాది ‘నిరుద్యోగం’ ఇచ్చారు. అది ఆఫీసు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. దానికి వేరే పనేముంది గనక. ‘సమయపాలన’ తాళాలు వేసే వేళకు వచ్చి బస్సు దొరకలేదంది. ‘అవినీతి’కి ఎవరూ దారి చూపించాల్సిన పని లేకపోయింది. అది తిన్నగా లోపలికి వెళ్ళి అధికారి కుర్చీలోనే కూర్చుంది. ‘జాతీయ సమైక్యత’ మాత్రం ఒంట్లో బాగాలేదని కబురు పంపింది.

పిల్లలు ఇన్ని వేలమంది రాసినా వ్యాసం మటుకు ఒక్కటే. బజారులో దొరికే గైడులో ఉన్నదే అందరూ బట్టీపట్టి దించుతారు. ఉపోద్ఘాతం, కారణాలు, నివారణ మార్గాలు, ముగింపు. చివర్లో ‘కావున ప్రతి ఒక్కరూ నడుం బిగించాలి’ అని ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇదే వినీ వినీ విషయాలకు కూడా తాము గైడులో ఉన్నట్టే ఉంటామన్న నమ్మకం కుదిరిపోయింది. నిరుద్యోగాన్ని ఎవరైనా పలకరిస్తే, “నేను సమాజాన్ని పట్టి పీడిస్తున్న మహమ్మారిని” అని వినయంగా పరిచయం చేసుకునేది. వేలిముద్రలకు ఇబ్బంది లేకుండా పోయింది. ఉత్తీర్ణత శాతం బాగా పెరిగింది.

ఇంత సాఫీగా నడుస్తున్న వ్యవహారంలో చిక్కు తెచ్చినవాడు మహబూబ్ పీరా. జిల్లా మూలనున్న ఒక బడిలో తెలుగు సారు. ఆయన తరగతిలోకి గైడు తీసుకురానిచ్చేవాడు కాదు. వ్యాసం ఎలా రాయాలో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదని ఒప్పుకుని తీరాలి.

“నీకొక్కదానికే తెలిసిండేది ఏముందో అది రాయమ్మా,” అనేవాడు. “ఊరందరికీ తెలిసింది నువ్వు రాసేదేంటికి? రాసినాక మొదటి పేరా కొట్టెయ్. గొంతు సవరించుకునేదానికి రాసింటావు దాన్ని. రెండో పేరాలోనే నువ్వు మాట్లాడేది మొదలైంటాది. పెద్ద మాట తగిలితే ఆపు. అది నీ కంటికి కనపడిందా లేదా అని అడుగు. అంతా అయినాక, ఎవరి గురించి రాసినావో వాళ్ళకు చదివి వినిపించు. వాళ్ళ మొహం జూసి చదవలేకపోతే అది వ్యాసం కాదు.”

ఓబులేశ్వరి ఈ మాటలు పట్టుకుంది. తండ్రి లేడు. తల్లి తిప్పమ్మ కూలికి పోతుంది. పది పాసైతే ఓబులేశ్వరి కాలేజీకి, తప్పితే బెంగళూరు గార్మెంట్సుకు. ఇంట్లో మాట ఖాయమైపోయింది. గార్మెంట్సు మేస్త్రీ ఇప్పటికే రెండుసార్లు వచ్చి పిల్లను చూసుకుని పోయాడు.

సారు ఆ ఏడాది ‘నీటి ఎద్దడి’ మీద రాసుకురమ్మన్నప్పుడు ఓబులేశ్వరి రాసింది, మొదటి పేరా కొట్టేసింది, తల్లికి చదివి వినిపించింది. అందులో భూగోళం లేదు, శాతాలు లేవు. ‘మా అమ్మ పేరు తిప్పమ్మ. ఇంటికి ఎవరైనా వస్తే మా అమ్మ ముందు బిందె వైపు చూస్తుంది, తర్వాత నవ్వుతుంది’ అని మొదలైంది. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోవడం ఉంది. ట్యాంకరు హారన్ వినపడగానే అమ్మ సగం అల్లిన జడ వదిలేసి పరుగెత్తితే, తను ఒక పక్కే జడతో బడికి పోయిన రోజు ఉంది.

తిప్పమ్మ చూపు బిందె మీదికి పోయింది.

“నేను బిందె తట్టు చూస్తానా?”

“చూస్తావు.”

“వచ్చినోళ్ళు కనుక్కునింటారేమో పాప.” తిప్పమ్మకు సిగ్గేసింది. అయినా, “సరే ఉండనీ. ఉన్న మాటే గదా,” అంది.

పరీక్షలో అదే విషయం వచ్చింది. ఓబులేశ్వరి అదే రాసింది.

వేలిముద్రల రోజు నీటి ఎద్దడి పల్లె బస్సులో దిగింది. పెదాలు పగిలి, చేతిలో ఖాళీ క్యానుతో ఉంది. అది వస్తుందని తెలిసి సిబ్బంది ఇంటినుంచే సీసాలు తెచ్చుకున్నారు. అది గడప దాటగానే కొళాయిలు ఆగిపోయాయి, ఇంకు ప్యాడు కూడా ఎండిపోయింది. అటెండరు ఉమ్మి తడి చేసి పని నడిపించాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నిలబడి ‘నీరు ప్రాణాధారం’ అని చదివారు. నీటి ఎద్దడి కునుకు తీస్తూనే బొటనవేలు ఇస్తూ పోయింది.

ఓబులేశ్వరి చదువుతుండగా దానికి మెలకువ వచ్చింది. ఆఖరి దాకా విని, ముఖం చిట్లించింది.

“ఇది నేను కాదు,” అంది. “నేను మానవాళి ఎదుర్కొంటున్న పెనుసవాలును. ఇందులో మానవాళి యాడుంది?”

ధ్రువీకరణ అధికారి పరంధామయ్య నెమ్మదైన మనిషి. ‘తిరస్కరించడమైనది’ అన్న ముద్ర చేతిలోకి తీసుకుని, “గైడులో ఉన్నది రాసుంటే నీకీ బాధ లేకపోవును గదమ్మా,” అన్నాడు. ఓబులేశ్వరికి గార్మెంట్సు మేస్త్రీ మొహం కళ్ళ ముందు ఆడింది. అయినా ఆ పిల్ల అధికారిని బతిమాలలేదు. కుర్చీ వైపు తిరిగింది. ఎంత మెచ్చుకున్నా తక్కువే.

“నువ్వు రోజూ మా ఇంటికి వస్తాంటావు గదా,” అంది. “మా అమ్మను గుర్తుపట్టలేదా?”

నీటి ఎద్దడి మొదటి వాక్యం మళ్ళీ చదవమంది. చదివింది. ఇంకోసారి చదవమంది.

“తూర్పు వీధిలో చివరిల్లు,” అంది నీటి ఎద్దడి మెల్లగా. “బిందెల్లో ఒకటి సొట్టది. పొద్దున్నే నన్ను తిడతాది ఆయమ్మ. ఆయమ్మేనా?”

“ఆయమ్మే.”

అది తలవంచుకుంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది తన గురించి రాశారు, ఒక్కరూ తనను చూసి రాయలేదని అప్పుడు తెలిసినట్టుంది. లేచి నిలబడి, ప్యాడు మీద వేలు గట్టిగా అదిమి ముద్ర వేసింది. ఆ గదిలో అంత స్పష్టమైన వేలిముద్ర అంతకు ముందు పడలేదని అటెండరు ఈనాటికీ చెబుతాడు. ఓబులేశ్వరికి పూర్తి మార్కులు వచ్చాయి. కాలేజీలో సీటు వచ్చింది. మహబూబ్ పీరా సారు ఆ రోజు బడిలో అందరికీ బొరుగుల మిఠాయి పంచాడు.

శాఖ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. విషయమే స్వయంగా మెచ్చిన వ్యాసం జిల్లాలో ఇదొక్కటే కాబట్టి, పిల్లలందరికీ దాని మేలు అందాలని తీర్మానించి, పై ఏడు గైడులో పాత వ్యాసం తీసేసి దీన్ని అచ్చు వేయించి, పరీక్షలోనూ మళ్ళీ అదే విషయం ఇచ్చింది. వేలమంది పిల్లలు బట్టీపట్టారు. వేలమంది ఇళ్ళలో అమ్మ ముందు బిందె వైపు చూసి తర్వాత నవ్వింది. ఒక కుర్రాడు తెలియక సొంత తల్లి పేరు రామలక్ష్మి అని రాస్తే, తల్లి పేరు తప్పు రాసినందుకు ఒక మార్కు తగ్గించారు. నీటి ఎద్దడి మొదటి రోజు కళ్ళు తుడుచుకుంటూ విన్నది. రెండో రోజు ఊరికే విన్నది. మూడో రోజునుంచి కునుకు తీస్తూ బొటనవేలు ఇచ్చింది.

ఆ పరీక్షల ముందు ఒక సాయంత్రం తిప్పమ్మ బిందె చంకన పెట్టుకుని ట్యూషన్ సెంటరు పక్కగా పోతోంది. లోపలినుంచి గదంతా ఒక్క గొంతుతో, “మా అమ్మ పేరు తిప్పమ్మ, మా అమ్మ పేరు తిప్పమ్మ,” అని వల్లెవేస్తున్నారు. ఆమె కిటికీ దగ్గర ఆగిపోయింది. అంతమంది పిల్లలు అమ్మా అంటుంటే పలక్కుండా ఉండడం ఆమెకు చేతకాలేదు.

“ఏం నాయనా?” అంది.

ఆ మాట గైడులో లేదు గనక లోపల ఎవరూ తలెత్తలేదు.