బల్ల మీద వస్తువులు ముట్టుకోరాదు

సోమవారం పొద్దున్న ఏడింటికి వదినా మరదళ్ళు ముందుగదిలో బల్ల సర్దారు. తెల్ల దుప్పటి పరిచి, దాని మీద వంటింట్లోంచి తెచ్చిన నీలం కెటిల్, పక్కన మూడు నిమ్మకాయలు, వెనకాల పదీ పదికి ఆపి ఉంచిన అలారం గడియారం పెట్టారు. ఇంతే బొమ్మ. శనివారం సాయంత్రం ఐదింటిలోగా దీన్ని కాన్వాసు మీదికి ఎక్కించి చిత్రకారుల సంఘం ఆఫీసులో అప్పజెప్పాలి. వాళ్ళ ప్రదర్శనకు ఎంపికైతే ముందుగది వీళ్ళకే ఉంటుంది. కాకపోతే ఒకటో తారీకు నుంచి అందులో పళ్ళ డాక్టరు ఉంటాడు.

ఈ షరతు పెట్టింది ఇంటి పెద్దావిడ. వదినకు అత్తగారు, మరదలికి కన్నతల్లి, కాబట్టి ఆవిడ దగ్గర ఎవరికైనా ఒకరికి మాట చెల్లాలి. ఇద్దరికీ చెల్లలేదు. రెండేళ్ళుగా గది నిండా రంగు డబ్బాలూ, గోడలకు ఆనించిన బొమ్మలూ తప్ప, బయటి మనిషి ఒక్కడొచ్చి బాగుందన్న పాపాన పోలేదని ఆవిడ బాధ. పళ్ళ డాక్టరయితే కనీసం రోజుకు పదిమంది వచ్చి నోరు తెరుస్తారు.

నిజానికి వాళ్ళిద్దరిదీ మంచి జోడీ. వదినకు గీత మీద పట్టు, మరదలికి రంగు మీద. విడివిడిగా వేస్తే ఒకరిది ఎముకల గూడులా, ఇంకొకరిది ఒలికిపోయిన రంగు డబ్బాలా ఉండేది. కలిసి వేస్తే మాత్రం చూడబుద్ధేసేది. చిక్కల్లా ఆ కలిసి వేయడంలోనే ఉంది. పక్కపక్కన నిలబడితే పది నిమిషాలకో పోట్లాట. పోయినసారి ఒక గుమ్మం నీడ ఊదారంగా, బూడిదరంగా అన్నదాని మీద నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

అందుకని ఈసారి కాగితం మీద ఒప్పందం రాసుకున్నారు. పొద్దున్న వదిన వేయాలి, మధ్యాహ్నం మరదలు వేయాలి. బల్ల మీద కళ్ళకు ఏది కనిపిస్తే అదే వేయాలి. బొమ్మ పూర్తయ్యేదాకా దాని గురించి ఒకరినొకరు ఒక్క మాట కూడా అడగకూడదు. ఉద్యోగాలు కూడా దీనికి కలిసొచ్చాయి. వదిన మధ్యాహ్నం బడిలో పిల్లలకు డ్రాయింగు చెబుతుంది. మరదలు ఒంటిగంట దాకా ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని జనం మొహాల మీద మొటిమలు చెరుపుతుంది.

చివరగా వదిన ఒక అట్టముక్క మీద "బల్ల మీద వస్తువులు ముట్టుకోరాదు" అని రాసి తలుపుకు తగిలించింది. ఆ అట్టే కొంప ముంచింది. అది లేకపోతే తీసినవాళ్ళు తీశామని చెప్పేవారు.

మంగళవారం వదిన బడికి వెళ్ళిన కాసేపటికి, కడుపులో వికారంగా ఉందన్నాడు ఆవిడ మామగారు, ఇంటి పెద్దాయన. నిమ్మరసం ఇద్దామంటే ఇంట్లో నిమ్మకాయలన్నీ బల్ల మీదే ఉన్నాయి. పెద్దావిడ అటూ ఇటూ చూసి ఒకటి తీసుకుంది. మిగిలిన రెంటినీ కాస్త దగ్గరికి జరిపి, తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరదలు వచ్చి చూసేసరికి కాన్వాసు మీద మూడు, బల్ల మీద రెండు ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు ఆ గదిలోకి తొంగి చూసి ఏడాదైంది, పైగా తలుపుకు అట్ట వేలాడుతోంది. కనుక తీసింది వదినే. ఎందుకు తీసిందబ్బా అని చాలాసేపు ఆలోచించింది. మూడుంటే ఇరుకుగా ఉన్నాయి, రెండుంటే ఏదో మాట్లాడుకుంటున్నట్టున్నాయి. ఏం బుర్రరా బాబూ ఈ వదినది అనుకుని, మూడోదాన్ని తెల్లరంగుతో కప్పేసింది.

బుధవారం పొద్దున్న వదిన చూసుకుంటే, తను గంటన్నర కూర్చుని వేసిన నిమ్మకాయ కాన్వాసు మీదా లేదు, బల్ల మీదా లేదు. మనసు చివుక్కుమంది. కానీ నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే నిజంగానే బాగుంది. చిన్నదైనా దీనికి చూపుంది అని సరిపెట్టుకుంది. ఇక్కడిదాకా ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఒకరి తెలివికి ఒకరు మురిసిపోతున్నారు, ఆ తెలివి పెద్దాయన కడుపుదని తెలియక.

ఆ మధ్యాహ్నమే చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగారు. అంతమందికి టీ ఇవ్వాలంటే నీలం కెటిల్ ఉండాలి. పెద్దావిడ దాన్ని తీసుకుని, జాగా ఖాళీగా ఉంటే పట్టుబడిపోతానని అక్కడ ఒక స్టీలు జగ్గు పెట్టింది.

స్టీలు వేయడమంటే మాటలు కాదు. గదిలో ఉన్నదంతా అందులో వంకరటింకరగా కనిపిస్తుంది, వేసే మనిషితో సహా. నీకు చేతనవుతుందా అని వదిన సవాలు విసిరిందనుకుంది మరదలు. అంతే, మధ్యాహ్నమంతా నడుం విరిగేలా కూర్చుని జగ్గు వేసింది. అందులో కిటికీ వేసింది, దుప్పటి మడతలు వేసింది, సొరకాయలా సాగిన తన మొహాన్ని కళ్ళజోడుతో సహా వేసింది. సాయంత్రం చుట్టాలు వెళ్ళి, మరదలు కూడా గదిలోంచి లేచాక పెద్దావిడ, స్వతహాగా నిజాయితీపరురాలు కనుక, కెటిల్‌ను కడిగి తుడిచి యథాస్థానంలో పెట్టి జగ్గు పట్టుకుపోయింది.

గురువారం పొద్దున్న వదినకు బల్ల మీద కెటిల్ కనిపించింది. కాన్వాసు మీద ఎక్కడా లేని జగ్గొకటి, జగ్గులో మరదలి మొహం కనిపించాయి. ఇద్దరం వేసే బొమ్మలో తన ఫోటో పెట్టుకుందన్నమాట అనుకుంది వదిన. కళ్ళకు కనిపిస్తున్నది కెటిల్ కాబట్టి ఒప్పందం ప్రకారం కెటిలే వేసింది. మొదలుపెట్టడం మాత్రం ఆ మొహం మీద నుంచి మొదలుపెట్టింది. అలా వేస్తున్నప్పుడు ప్రాణానికి హాయిగా ఉందని ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

పెద్దాయన రైల్వేలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. ఆగిపోయిన గడియారాన్ని చూస్తే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆరోజు వరండాలో పచార్లు చేస్తూ కిటికీలోంచి ఆ గడియారాన్ని చూశాడు. బొమ్మ కోసం కావాలనే ఆపారని ఆయనకేం తెలుసు? లోపలికి వెళ్ళి బ్యాటరీ వేసి, టైము సరిచేసి, ఒక మంచిపని చేశానన్న తృప్తితో పడుకున్నాడు.

మరదలికి ఆరోజు బస్సు దొరక్క పావుగంట ఆలస్యమయింది. వచ్చేసరికి జగ్గు పోయింది, జగ్గులో తన మొహం పోయింది. గడియారం టిక్కుటిక్కుమంటూ, సరిగ్గా తను గుమ్మంలో అడుగుపెట్టిన టైము చూపిస్తోంది. నా ఆలస్యం కూడా కనిపెడుతోందా ఈ మహాతల్లి అని ఒళ్ళు మండిపోయింది. కనిపించిందే వేయాలి కదా అని పంతం పట్టి, పది నిమిషాలకోసారి ముల్లు చెరిపి మళ్ళీ వేసింది. చెరిపినవేవీ సరిగ్గా చెరగలేదు. సాయంత్రానికి ఆ గడియారానికి ఇరవై మూడు ముళ్ళు మొలిచాయి.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఎక్కడలేని మర్యాదలు మొదలుపెట్టారు. కాస్త నీళ్ళందిస్తారా వదినగారూ అని ఒకరు, అయ్యో దానికేం భాగ్యమండీ అని ఇంకొకరు. వదిన భర్త ఇటు పెళ్ళాన్నీ అటు చెల్లెల్నీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళు అరుచుకుంటే ఆయనకు అలవాటే, ఈ మన్ననలు విని గుండె గుభేలుమంది. కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్న నడిచే గడియారాన్నీ ఆ ముళ్ళనీ చూసిన వదిన, నడిపించిందీ మరదలే అనుకుని, దుప్పటి మడతలు మాత్రం దిద్ది బడికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం పెద్దావిడ గుట్టుచప్పుడు కాకుండా పళ్ళ డాక్టరును పిలిపించింది. ఆయన టేపు పెట్టి గది నాలుగు మూలలా కొలుచుకున్నాడు. రోగులకు చూపించి చెప్పడానికి ఎప్పుడూ వెంట ఉంచుకునే పళ్ళ నమూనా, పై దవడా కింది దవడా కలిపి పిడికిలంత ఉంటుంది, చేతికి అడ్డమొస్తోందని బల్ల మీద పెట్టాడు. కొలతలు అయిపోగానే దాన్నక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మరదలు వచ్చేసరికి, కెటిల్‌కూ నిమ్మకాయలకూ మధ్య నుంచి ఆ పళ్ళు తన స్టాండు వైపు తిరిగి ఇకిలిస్తున్నాయి. ఆ పిల్లకు ఏడుపొచ్చినంత పనయింది. నా ఎదురుగా నవ్వడానికి మొహం చెల్లక పళ్ళు మాత్రం పంపించిందా అనుకుంది. కసికొద్దీ వాటిని ఒక్కొక్కటే వేసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వారంలో అంత శ్రద్ధగా వేసింది ఇంకోటి లేదు. అక్కడితో ఊరుకున్నా పోయేది. నమూనా పళ్ళు వరసగానే ఉన్నాయి, వదిన ముందుపళ్ళ మధ్య మాత్రం చిన్న సందుంది. ఆ సందు కూడా వేసింది. సాయంత్రం మరదలు కుంచెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు డాక్టరు పరుగున వచ్చి తన నమూనా తను తీసుకుపోయాడు.

శనివారం పొద్దున్న కాన్వాసు మీద తన పళ్ళు చూసుకున్న వదిన కుంచె ముట్టుకోలేదు. చెప్పులేసుకుని తిన్నగా ఫోటో స్టూడియోకి నడిచింది. లోపల పాస్‌పోర్టు ఫోటో కోసం ఒకాయన స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. మరదలు కంప్యూటరు ముందు నుంచి తలెత్తింది.

"బొమ్మ గురించి మాట్లాడకూడదు వదినా."

"బొమ్మ గురించి కాదు. నా పళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను."

"పెట్టింది నువ్వు. నాకు కనిపించింది నేను వేశాను."

"నేనెక్కడ పెట్టాను?"

"మరి ఆ జగ్గు ఎవరు పెట్టారు?"

"ఏ జగ్గు? అది నువ్వు ఊహించుకుని వేసిందేగా, నీ మొహం పెట్టుకోడానికి."

"మరి గడియారం? నేను ఆలస్యంగా వచ్చానని చూపించడానికి నడిపించలేదూ?"

"నడిపించింది నువ్వు కాదా?" అంది వదిన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడే నిలబడి నిమ్మకాయ దగ్గర నుంచి వరసగా చెప్పుకుంటూ వచ్చారు. స్టూలు మీదాయన కదలొద్దన్నారు కాబట్టి కదలకుండానే మొత్తం విన్నాడు. ఫోటోలో ఆయన కళ్ళు మాత్రం పెద్దవిగా పడ్డాయి.

ఇంటికొచ్చి విచారణ మొదలుపెట్టారు. గడియారం సంగతి అడగ్గానే పెద్దాయన గర్వంగా ఒప్పేసుకున్నాడు. పెద్దావిడ జగ్గు సంగతి గొణిగింది. నిమ్మకాయ దగ్గరికొచ్చేసరికి ఎదురు తిరిగింది.

"మీ నాన్నకి వికారంగా ఉంటే బొమ్మ కలిపి తాగించమంటావా?"

"మరి పళ్ళు ఎవరివి అత్తయ్యా?" అంది వదిన.

పెద్దావిడ కొంగు సర్దుకుంది. జవాబు పెద్దాయన చెప్పాడు, పళ్ళు డాక్టరుగారివని, కొలతలకు వచ్చి మరిచిపోయాడని.

"బొమ్మ ఇంకా ఇవ్వనేలేదు కదమ్మా. అప్పుడే కొలతలు తీయించావా?" అంది మరదలు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. వదిన ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. బడీ స్టూడియో ఇల్లూ అంటూ తిరిగి తిరిగి, ఆ గదిలో గడిపే రెండు మూడు గంటల కోసమే ఇద్దరూ బతుకుతున్నారు. అది పోతే ఇక వాళ్ళు ఉత్త వదినా మరదళ్ళు, అంతకు మించి ఏమీ కారు.

అప్పటికి టైము మూడయింది. రంగు మీద రంగు పడి కాన్వాసు మందంగా తయారయింది, ఇప్పుడు దిద్దేదేమీ లేదు. రెండు నిమ్మకాయలు, మూడోదాని గుర్తుగా తెల్లటి మరక, పొట్టలోంచి కళ్ళజోడు తొంగిచూస్తున్న కెటిల్, ఇరవై మూడు ముళ్ళ గడియారం, సందున్న పళ్ళు. అలాగే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

పది రోజులకు సంఘం వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఎంపిక కాలేదు. కారణం కూడా రాశారు. పెద్దాయన గట్టిగా చదివాడు: "వస్తువులన్నీ ముందే కూడబలుక్కుని, ఒక పథకం ప్రకారం అమర్చినట్టున్నాయి. చేయి తిరిగిన పనే. కానీ మనుషులు మసలే ఇంటి ఛాయ ఈ చిత్రంలో ఎక్కడా లేదు."

వదిన లేచి, రంగు డబ్బాలకు మూతలు పెట్టడం మొదలుపెట్టింది. మరదలు గోడవారగా ఉన్న బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. పెద్దావిడ ఉత్తరం చేతిలోకి తీసుకుని ఒకసారి చదివింది. మళ్ళీ ఇంకోసారి చదివింది.

"మనుషులు మసలని ఇల్లా మాది?" అంది. "నిమ్మకాయ నా చేత్తో తీశాను. కెటిల్ నా చేత్తో తోమి పెట్టాను. గడియారం ఈయన బాగుచేశారు. ఇంటిల్లిపాదీ ఇంత చాకిరీ చేస్తే, ఈ ఉత్తరం రాసిన ఆయనగారికి ఛాయ కనపడలేదా? ఆ డబ్బాలు అక్కడ పెట్టు అమ్మాయ్."

"ఎంపిక కాలేదు కదత్తయ్యా. షరతు షరతే" అంది వదిన.

"షరతు పెట్టింది నేను, ఆయన కాదు. ఇంకోటి వేయండి. ఛాయ అంటే ఏమిటో చూపిద్దాం."

ఒకటో తారీకున పళ్ళ డాక్టరు వ్యానులో కుర్చీ ఎక్కించుకుని వచ్చాడు. గది ఖాళీ లేదని, లోపల ఇంటిపని నడుస్తోందని పెద్దావిడ గుమ్మంలోంచే చెప్పేసింది. అందరి నోళ్ళూ తెరిపించే మనిషి తనే నోరు తెరుచుకుని కాసేపు నిలబడి, వ్యాను వెనక్కి తిప్పించాడు. లోపల వదినా మరదళ్ళు చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గంతులేశారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఇద్దరూ కొత్త దుప్పటి పరిచి, కొత్త కాన్వాసు బిగించుకుని, పక్కపక్కన నిలబడ్డారు. ఇంతలో పెద్దావిడ పీటా, కత్తీ, బుట్టెడు కూరగాయలూ పట్టుకుని వచ్చి బల్లకూ స్టాండుకూ మధ్య చతికిలబడింది. ఆవిడ పిలిస్తే పెద్దాయన పడక్కుర్చీ, పేపరు తెచ్చుకుని కిటికీ దగ్గర వాలాడు. కొడుకు ఆఫీసు కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎవరూ బిగుసుకుపోవద్దనీ, ఇంట్లో ఎలా ఉంటారో అలాగే మసలమనీ పెద్దావిడ అందరికీ చెప్పింది. పదింటికి ఆ నలుగురు చుట్టాలనూ పిలిపించింది. పదకొండింటికి స్టాండును వరండాలోకి జరపాల్సి వచ్చింది.

వదినా మరదళ్ళకు గది దక్కింది, చోటే దక్కలేదు.