మల్లేశప్ప పిండిమర నోటీసు

శుక్రవారం పొద్దున్నే మల్లేశప్ప రాగిముద్ద తిని, చేయి కడుక్కుని, తిరుమణిలో పావగడ బస్సెక్కాడు. చంకలో గుడ్డసంచి, సంచిలో ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసిన పాత కాగితం ఒకటి. కరపత్రం అచ్చు వేయించాలన్నది ఆనాటి పని. చిన్న పనే, మధ్యాహ్నానికల్లా తిరిగి రావచ్చనుకున్నాడు.

పని చిన్నదే గానీ దాని వెనక బెంగ పెద్దది. పొలం సోలార్ పలకల కిందికి పోయింది. గొర్రెలు అంతకుముందే పోయాయి. మిగిలింది నాన్న కదిరయ్య పెట్టిన పిండిమర ఒక్కటే. ఊళ్ళో రాగి వేసేవాళ్ళు తగ్గారు, పిండి ప్యాకెట్లు కొనేవాళ్ళు పెరిగారు. సోమవారానికి పది మూటలు రాకపోతే, ఆ రోజు లారీతో వచ్చే హిందూపురం ఆసామికి మర మిషన్ను అమ్మేద్దామని కొడుకు యోగీశ్ అన్నాడు. మల్లేశప్ప సరేనన్నాడు. అన్నాడే గానీ, మర కూడా పోతే పొద్దున లేచి వెళ్ళడానికి తనకంటూ ఒక చోటుండదని ఆయనకు గుబులుగా ఉంది.

"ఆవిర్లు కక్కే ముద్ద ఫోటో వేస్తామన్నా. మీద ఎర్రగా 'ఆఫర్' అని కొడితే జనం ఎగబడతారు," అన్నాడు పావగడలో ప్రెస్సు నడిపే గురురాజ్.

"అట్లాంటివి మావోళ్ళు బజ్జీల కింద పరుచుకుంటారప్పా. ఇది చూడు," అని మల్లేశప్ప సంచిలోని కాగితం తీశాడు. భూములు లీజుకు తీసుకున్నప్పుడు సోలార్ కంపెనీ పంచిన నోటీసు అది. "ఏండ్లు గడిచినాయి. ఒక్క మడత నలగలేదు. మా ఊళ్ళో జనం మూడుసార్లు చదివి దాచుకున్న కాగితం ఇదొకటే. దీని మాదిరే కొట్టు."

గురురాజ్ తల గోక్కున్నాడు. గిరాకీ మాట కాదనలేక అలాగే కొట్టాడు. కర్ణాటక ఊరు కాబట్టి పైన లావాటి కన్నడ అక్షరాల్లో 'గ్రామస్తులకు ప్రకటన'. దాని కింద మర ఉన్న చోటి సర్వే నంబరు. ఆ కింద సోమవారం పది గంటలకు తప్పక రావాలన్న మాట. తిరగలి రాయి బొమ్మ వేయమంటే అది గుండ్రంగా, అచ్చం ఆఫీసు ముద్రలా పడింది. ఇంతా అయ్యాక చోటు చాలక, రాగులు, జొన్నలు ఆడిస్తామన్న సంగతి అడుగున చీమతలకాయంత అక్షరాల్లోకి దిగింది.

"మామా, ఇందులో పిండి యాడుండాది?" అంది ఇంటి దగ్గర కోడలు ఆశా, కాగితం అటూ ఇటూ తిప్పి.

"అడుగున ఉండాది చూడుమ్మా. చదివేవాళ్ళు చదువుతారు."

ఆశా శనివారమంతా తిరిగి తిరుమణిలోనూ, క్యాతగానచెర్లులోనూ ఇంటింటికీ పంచి వచ్చింది. ఆ సాయంత్రానికే పావగడ జిరాక్స్ అంగళ్ళలో కాగితం అయిపోయిందని ఎవరో అన్నారు. పెళ్ళిళ్ళ రోజులు కదా అనుకున్నాడు మల్లేశప్ప.

సోమవారం తొమ్మిదిన్నరకే మర ముందు రెండు వందల మంది. మల్లేశప్ప కళ్ళు చెమర్చాయి. పైనున్న నాన్నకు మనసులోనే దండం పెట్టుకున్నాడు. అప్పుడు గమనించాడు, ఎవరి నెత్తినా మూట లేదు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో భూమి పహణీలు, ఆధార్ కార్డులు.

"మూటలు యాడప్పా?"

"మూటలెందుకన్నా? పహణీ తెచ్చినాము. ఈ తూరి ఎకరాకి ఎంతిస్తారంట?"

"ఏందప్పా మీరనేది? ఇది పిండిమర! నాకేమీ తెలీదు!"

"అప్పుడు వచ్చినోళ్ళు కూడా మొదట్లో ఏమీ తెలీదనే చెప్పినారు," అని వెనక నుంచి ఒక పెద్దాయన నిదానంగా అన్నాడు. అవునవునన్నారు అందరూ. కాదన్నకొద్దీ మల్లేశప్ప ఏదో దాస్తున్నాడన్న అనుమానం గట్టిపడింది. కిందటిసారి లీజులో తమ పొలం కలవలేదని బాధపడేవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఉన్న పొలం వదిలేది లేదనేవాళ్ళు వాళ్ళ చొక్కాలు పట్టుకుని వెనక్కి లాగారు.

"నా రెండెకరాలు ఇచ్చేది లేదు మల్లేశా!" అంది కదిరమ్మ, కొంగు బిగించి. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇప్పటికీ సొంతంగా రాగి వేస్తుంది. "కంపెనీవాళ్ళకి కావాల్సింది బీడు. నాది బీడు కాదని ఇప్పుడే చూపిస్తా, ఉండు!"

విసవిసా ఇంటికి వెళ్ళి, మనవడి నెత్తిన రాగిమూట పెట్టించుకుని వచ్చింది. సాక్ష్యం. అది చూసి భూమి ఇచ్చేది లేదనేవాళ్ళందరూ ఇళ్ళకు పరుగెత్తారు. కాసేపటికి మర ముందు రాగులు, జొన్నలు, సజ్జలు, ఒకటి తర్వాత ఒకటి పదమూడు మూటలు దిగాయి.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చి ఆగింది. హిందూపురం ఆసామి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా, మిషన్ దిమ్మె కొలుద్దామని జేబులోంచి టేపు తీశాడు.

"కొలతలు మొదలుపెట్టినాడప్పోయ్!" అని గుంపులోంచి ఎవరో అరిచారు, కంపెనీ మనిషే అనుకుని.

కదిరమ్మ తన మూట లారీ ముందు వేయించి దాని మీద కూర్చుంది. "ఈడ జానెడు కూడా కొలిచేది లేదు. ఎక్కు బండి!"

ఆ ఆసామి పాపం మల్లేశప్ప వైపు చూశాడు. కొలిచేది నేల కాదు, మిషన్ అని ఒక్క మాట చెబితే సరిపోయేది. మల్లేశప్ప నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పదమూడు మూటల వైపు ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలుతో నిదానంగా మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం పూర్తయ్యేసరికి లారీ ఊరు దాటింది.

గెలిచిన జనానికి ఇంక పని లేదు. ఎండ మండుతోంది. కదిరమ్మ మూట మీద నుంచి లేచి నడుం పట్టుకుంది.

"ఇంత దూరం మోపించుకొచ్చి ఊరికే తిరిగి తీసుకుపోయేదేంది? ఆడించు మల్లేశా."

మల్లేశప్ప స్విచ్చి వేశాడు. బెల్టు ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా పిండి పడుతూనే ఉంది. ఆ వారమే కాదు, ప్రతి సోమవారం మూటలు వస్తున్నాయి. కంపెనీవాళ్ళు ఎప్పుడొచ్చినా పొలం పండుతోందని కనబడాలి గదా అంటుంది కదిరమ్మ.

ఆ నోటీసును మల్లేశప్ప కోరుకున్నట్టే ఎవరూ పారేయలేదు, పహణీల మధ్య పెట్టి ట్రంకుపెట్టెల్లో దాచుకున్నారు. అడుగున రాసిన పిండి సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ చదవలేదు.